అడుగు లేని డబ్బా

డాల్డా డబ్బాకి పైనా కిందా కోసేస్తే
మిగిలేది గోడ ఒక్కటే.
దాన్ని నాలుగు వేళ్ళ లోతున నేలలోకి దిగ్గొట్టి
నిండా నీళ్ళు పోసి
గడియారం చూస్తా కూచోవడం నా కూలి.
రోజుకు మూడొందలు,
బిందెలు మోసినందుకు కూడా కలిపి.

మట్టి పరీక్షల సారు గళ్ళ పుస్తకం పట్టుకొని
గొడుగు కింద ఉంటాడు.
"ఎంత దిగింది ఈరక్కా?"
స్కేలు చూసి చెప్తా.
అంగుళం. అర. ఇంకా అంతే సార్.

కళ్యాణదుర్గం దావలో ఎర్రగరుసు.
చూస్తే నాలిక పిడచగట్టినట్టే ఉంటుంది గానీ
మొన్నటి చినుకులు దాని మొఖాన్ని కొట్టి కొట్టి
పొక్కు కట్టిచ్చి పోయినాయి,
పెనం మీద ఆరిన రొట్టె మాదిరి.
పోసిన నీళ్ళు పక్కచూపులు చూస్తా నిలబడినాయి.
గోటితో ఆ పొర గీకినా.
అంతే, గటగటా తాగేసింది,
గుక్క తిప్పుకోలేదు.
గట్టు మీద నిలబడి చూస్తాన్న పెద్దోబులేసు
"నా ఐదెకరాల సెనక్కాయ చేనికి
ఎన్ని గోళ్ళు కావాలమ్మా?" అన్నాడు.
సారు నవ్వలేదు. రాసుకోనూ లేదు.

ఉరవకొండ పక్క నల్లరేగడి.
నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది.
నీళ్ళు కప్పల మాదిరి చీకట్లోకి దూకినాయి.
ఒక బిందె. రెండు.
మూడోది సగంలో ఉండగా
నేల ఉబ్బింది,
నెర్రె పెదాలు దగ్గరికొచ్చి మూసుకున్నాయి.
ఇంక దేవుడొచ్చి బతిమాలినా చుక్క దిగదు.
మధ్యాన్నం పోసిన నీళ్ళు
పొద్దుగూకే దాకా డబ్బాలో
ఒక మబ్బుని చూపిస్తా కూచున్నాయి.

హగరి ఒడ్డున ఇసక సంగతి చెప్పేదేముంది,
గడియారం నొక్కేలోగా డబ్బా ఖాళీ.
కొందరి చేతులట్లే,
ఇచ్చింది ఏ చేత్తో తీసుకున్నారో వాళ్ళకే గుర్తుండదు.

చౌడు వేరు.
అక్కడ నీళ్ళు కిందికి పోవు,
మట్టే పైకి లేచి నీళ్ళల్లో కలుస్తుంది.
బియ్యం కడిగిన కుడితి మాదిరి తెల్లగా నిలబడి
ఎండ తాగిపోయిందాకా అట్లనే.
ఆ దినం సారుకి రాసేదేమీ లేక
గళ్ళల్లో సున్నాలు చుట్టినాడు.

ఒకటి మాత్రం ఆ పుస్తకంలో లేదు.
మాయమ్మ సుంకమ్మ బాయిలు తవ్విన మనిషి.
పదిమట్ల లోతున, తట్ట పక్కన పెట్టి
మన్ను నాలిక మీద వేసుకొని చెప్పేది:
"మెత్తమన్ను కింద ఇసక పొర తగిలితే
నీళ్ళు బిరబిరా దిగుతాయనుకుంటారు పిచ్చోళ్ళు.
దిగవే. ఆగుతాయి.
గడప కాడ కొత్తకోడలు మాదిరి
వెనకనుంచి నలుగురు తోసేదాకా
కాలు లోపల పెట్టవు."
సారుకి ఇదే చెప్పినా.
పెన్ను ఆపి నా పక్క చూసినాడు.
"యాడ చదివినావు?"
బాయిలో సార్.

నిన్న సారు జీపెక్కి పోయినాక
మా వాళ్ళని పూడ్చే దిన్నె కాడికి
డబ్బా, బిందె ఎత్తుకొని పోయినా.
ఎవరి కోసమూ తవ్వని చోట ముందు చూసినా.
అంగుళం దిగేదానికి నలభై నిమిషాలు.
మాయమ్మ మీద సుత్తి వాడలేదు,
అరచేత్తో ఒత్తితేనే డబ్బా దిగింది.
నాలుగు నిమిషాలు.

పదకొండేళ్ళయింది.
ఎన్ని వానలు తొక్కినా
తవ్విన మన్ను మళ్ళా తవ్వని మన్ను కాలేదు.
ఇంకా గుల్లగానే ఉంది,
ఇంకా దావ ఇస్తానే ఉంది.
నీళ్ళు యాడిదాకా పోయినాయో
నా స్కేలు అంత పొడుగు లేదు.
బిందె అడుగున మిగిలింది కూడా పోసి
చీకటి పడేదాకా చూసినా.

పొద్దున సారు నీళ్ళ లెక్క తీసినాడు.
"ఒక బిందె తగ్గిందే?"
ఒలికిపోయింది సార్.
"యాడ?"
నేల మీదనే.